చెమ్మ ఎవరి చేతిది?

నరసభూపతి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, వెంటనే ఉమ్మేశాడు. కోట కొఠారులో బియ్యం ముక్కిపోయాయి!

"కొఠారులోకి చెమ్మ ఎలా వచ్చిందో ఈ పూటే తేలాలి. లేదా ఔబళయ్య కోట వదిలి పోవాలి!" అన్నాడు రాజు నిండు సభలో.

ఔబళయ్య ఆస్థాన విదూషకుడు. కొఠారు సందులకు మట్టి మెత్తి, లోపల చెమ్మ పీల్చే సున్నపురాళ్ల గంపలు పెట్టి, వానలు తగ్గేదాకా తలుపు తియ్యొద్దని చెప్పింది అతనే. ఈ ముసురులో పెళ్లాంపిల్లలతో ఎక్కడికి పోవాలో తోచక అతనికి భయమేసింది.

కొఠారు అధికారి భైరవమూర్తికి మాత్రం మహా సంబరంగా ఉంది.

"విదూషకుడు చెప్తే నవ్వుకోవాలి గానీ, పాటిస్తారా ప్రభూ?" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

వర్తకుల దగ్గర లంచం తీసుకుని, వాళ్ల తడి మూటలు దాచిపెట్టడానికి ఆ మహానుభావుడే దొంగచాటుగా తలుపు తీస్తున్నాడని ఊరందరికీ తెలుసు, ఒక్క రాజుకు తప్ప. రాజులకు ఏదైనా ఆఖర్నే తెలుస్తుంది.

ఔబళయ్య వంటింట్లోంచి ఉప్పు తెప్పించి, రాజుతో సహా అందరి గుప్పిట్లో తలా చిటికెడు పోశాడు.

"తలుపు తియ్యడానికి చెయ్యి తడిపించుకున్నవాడి గుప్పిట్లో ఈ ఉప్పు నీరవుతుంది. మిగతావాళ్లకేం భయం లేదు!"

బయట వాన కురుస్తూనే ఉంది. కాసేపటికి గుప్పిళ్లు విప్పించాడు. సేనాపతి ఉప్పు జిగటగా ఉంది. పురోహితుడిది అరచేతికి అంటుకుపోయింది. రాజు తన చెయ్యి చూసుకుని గతుక్కుమన్నాడు.

భైరవమూర్తి ఒక్కడే దర్జాగా చెయ్యి చాచాడు. "చూడండి, పొడిపొడిగా, ముత్యాల్లా!"

ఔబళయ్య వంగి దండం పెట్టాడు.

"అందరి చేతుల్లో వానాకాలం, తమ చేతిలో మాత్రం ఎండాకాలమా? ఇంతసేపూ ఉప్పు ఎక్కడ దాచారు స్వామీ?"

భటులు వెతికితే అధికారి నడుముకు దోపుకున్న వెండి భరిణె దొరికింది. బిర్రు మూత, లోపల ఇంకా నాలుగు ఉప్పు పలుకులు. తప్పు లేనివాడికి ఉప్పు దాచే పనేమిటని రాజు గద్దించేసరికి, భైరవమూర్తి వర్తకుల పేర్లన్నీ కక్కేశాడు.

"అధికారివారికి చెమ్మ ఆపడం బాగా తెలుసు ప్రభూ! సొంత భరిణెకు మూత బిగిస్తారు, తమరి కొఠారు మాత్రం బార్లా తెరుస్తారు."

సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ భరిణె నిండా వరహాలు నీకు. కొఠారు తాళంచెవి కూడా ఇక నీదే!"

ఔబళయ్య భరిణె అందుకుని, రెండో చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"ఇది చాలు ప్రభూ. ఆ తాళంచెవి పట్టుకున్న చెయ్యి ఊరికే తడుస్తుంది!"