చేటలో మూడు వరుసలు

మీ తాతకు తాత ఇంకా పుట్టని రోజుల్లో, రెండు కోటల నడుమ ఎర్రవంక అని ఒక ఊరుండేదట. ఆ ఊళ్ళో ఒక పూరిపాక బడి. ఆ బడి ఊడ్చే అవ్వ పేరు బయ్యక్క. పొద్దున్నే వాకిలి చిమ్మేది. పిల్లలు అక్షరాలు దిద్దడానికి వంకలోంచి మెత్తటి ఇసుక తెచ్చి పరిచేది. వీధి చివర నిలబడి కేకేసేది.

"బడి ఉంది, రండర్రా!"

తనకు మాత్రం ఒక్క అక్షరమూ రాదు.

ఒక ఏడాది ఆ కోటలు రెండింటికీ పడలేదు. యుద్ధమొచ్చింది. మొదటిసారి సైనికులొచ్చి పంతులుగారిని తీసుకుపోయారు, జాబులు రాయడానికట. రెండోసారి వచ్చి పెద్దపిల్లల్ని తీసుకుపోయారు, బాణాలు మోయడానికట. మూడోసారి వచ్చి బడిలో గుర్రాల్ని కట్టేశారు.

ఊరి జనం మిగిలిన పిల్లలతో గుట్టెక్కి, గొర్రెల దొడ్లో తలదాచుకున్నారు. పిల్లలు ఆడటం మానేశారు. కెంచి అనే ఎనిమిదేళ్ళ పిల్లయితే మాటే మానేసింది. బాణాలు మోయడానికి పోయినవాళ్ళలో దాని అన్న ఉన్నాడు.

బయ్యక్క చూసి చూసి ఉండలేకపోయింది. వంకకు దిగి చేటెడు ఇసుక మోసుకొచ్చింది. దొడ్డి నడుమ నిలబడి కేకేసింది.

"బడి ఉంది, రండర్రా!"

"పంతులుగారు లేరు కదవ్వా, ఎవరు చెప్తారు?" అన్నారు పిల్లలు.

"మీరే నాకు చెప్పండి. నేర్చుకుంటా."

పిల్లలకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. రోజుకో అక్షరం అవ్వ చేత దిద్దించారు. ఆపైన ఒక్కొక్కరూ తమ మనసులో మాట చేటలో రాసేవారు. చేట చిన్నది. మూడు వరుసలే పట్టేవి.

అలా నెలలు గడిచాక ఒకరోజు కెంచి వచ్చి కూర్చుంది. నోరు విప్పకుండా వేలితో రాసింది.

అన్న కూర్చునే చోట
గుర్రం నిలబడింది.
అన్న ఇంకా రాలేదు.

బయ్యక్క ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చేట నెత్తిన పెట్టుకుని, ఆ మాటలే వల్లించుకుంటూ గుట్ట దిగింది.

బడి ముందు ఆ సైనికుల పెద్ద, దళవాయి, కూర్చున్నాడు.

"ఏం కావాలే ముసలీ?"

"బడి కావాలి దొరా."

"యుద్ధం అయ్యాక రా, పో!"

ఆమె పోలేదు. నేల మీద ఇసుక పోసి ఆ మూడు వరుసలూ రాసింది. దళవాయి చదివాడు. మొహం తిప్పుకుని కాలితో చెరిపేశాడు. మళ్ళీ రాసింది. మళ్ళీ చెరిపి కత్తి మీద చెయ్యేశాడు. బయ్యక్క అరచేత్తో ఇసుక సర్ది మూడోసారి రాసింది.

చదువొచ్చిన సైనికుడొకడు దాన్ని పైకి చదివాడు. చదువు రానివాళ్ళు మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాడు. మీసాలు నెరిసిన ఒకాయన లేచి తన గుర్రాన్ని విప్పాడు.

"మా ఇంట్లోనూ ఉన్నారు దొరా, పిల్లలు" అన్నాడు.

ఒకరి వెనక ఒకరు అందరూ విప్పేశారు. దళవాయి చెరపడానికి ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

యుద్ధం ఆగిందా అంటే, ఆగలేదు. ఇంకో రెండేళ్ళు సాగింది. కానీ ఆ బడి జోలికి మళ్ళీ ఎవరూ రాలేదు. పంతులుగారు తిరిగొచ్చారు. పెద్దపిల్లల్లో కొందరొచ్చారు, కొందరు రాలేదు. కెంచి అన్న రాలేదు. కెంచి పెద్దదై ఆ బడిలోనే చదువు చెప్పింది.

బయ్యక్క పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ ఎర్రవంకలో ఇసుక మీద రాసినదాన్ని ఎవరూ కాలితో చెరపరు. వంగి, అరచేత్తో నెమ్మదిగా సర్దుతారు. కొత్తగా చేరిన పిల్లలు తెలియక కాలు పెట్టబోతే, పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపుతారు.

"ఆగు," అంటారు, "ముందు చదువు."