పైడయ్య మేస్త్రి ట్రయలు

“బండి బాగయ్యాక ఇంక కారణంతో పనేటి గురువుగారూ?” అని అడిగాడు తవిటినాయుడు.

ఘాట్ రోడ్డు మొదట్లో, మాడుగులలో, కార్ల షెడ్డు నడిపే పైడయ్య మేస్త్రికి అతను శిష్యుడు. చెయ్యి తిరిగిన పనివాడే, అందులో అనుమానం లేదు. కాకపోతే తన పనితనం మీద తనకే కాస్త మోజెక్కువ. ఆ ఉదయం అతని ముందున్నది లోవరాజు తెచ్చిన పాత పెట్రోలు కారు. లోవరాజుది పాడేరు. భార్యను వారానికి రెండుసార్లు విశాఖపట్నం తీసుకెళ్లి, డయాలసిస్ చేయించి, తిరిగి ఇంటికి తెచ్చుకుంటాడు. పోయినసారి వస్తూంటే ఘాట్ సగం ఎక్కాక కారు ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. అసలే సోలిపోయిన మనిషి, మండుటెండలో వెనక సీటు మీద ముడుచుకుని పడుకుంది. చెయ్యెత్తినా ఒక్క జీపూ ఆగలేదు.

తవిటినాయుడు ప్లగ్గులు మార్చాడు, కాయిల్ మార్చాడు, పెట్రోలు ఫిల్టరూ గాలి ఫిల్టరూ కూడా మార్చిపారేశాడు. ట్రయలు కొడితే కారు రివ్వున ఘాట్ ఎక్కింది. “రేపు ఆవిణ్ణి ఎక్కించుకుని ఎల్లొచ్చా?” అని లోవరాజు అడిగితే, “పూచీ నాది” అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. అప్పుడే మేస్త్రి, మార్చినవాటిలో చెడిపోయింది ఏదని అడిగాడు. దానికి బదులుగానే శిష్యుడి నోట మనం మొదట విన్న ఆ ప్రశ్న బయటికొచ్చింది.

మేస్త్రి లేచి షెడ్డు మూలకు నడిచాడు. ఆయనకు వాదించడం రాదని ఊళ్లో కొందరంటారు. ఆయనతో ఎన్నడూ వాదించనివాళ్లు గనక అంటారు. మూల పడేసిన పాత సామానంతా ఏరి తెచ్చి ముందు పెట్టి, “మళ్లీ ఇయ్యే బిగించు” అన్నాడు. లోవరాజు గుడ్లప్పగించి చూశాడు. తవిటినాయుడికి ఒళ్లు మండింది. మండినా బిగించాడు.

ఆ షెడ్డుకో పద్ధతి ఉంది. మన ట్రయలు కోసం ఎదుటివాడి పెట్రోలు కాల్చకూడదని, బయల్దేరే ముందు షెడ్డు డబ్బాలోంచి కాస్త ట్యాంకులో పోస్తారు. ఈసారీ అలాగే పోసి బయల్దేరారు. పాత ప్లగ్గులతో, పాత కాయిల్‌తో, పాత ఫిల్టర్లతో కారు నిక్షేపంగా ఘాట్ ఎక్కింది. అలాంటప్పుడు పొద్దున తవిటినాయుడు బాగుచేసింది దేన్ని?

“లోవరాజు ఘాట్ ఎక్కే ముందు దిగి పెట్రోలు పోసుకుంటాడేటి?” అన్నాడు మేస్త్రి. “మన మంచితనం ఈ పూటకి మానేద్దాం. అతనొచ్చినట్టే మనమూ వద్దాం.”

ఈసారి చుక్క పెట్రోలు పొయ్యలేదు. అనకాపల్లి దాకా వెళ్లి, ఎక్కడా ఆగకుండా వెనక్కొచ్చి, అదే ఊపున ఘాట్ ఎక్కారు. సగం ఎక్కేసరికి కారు దగ్గింది, గింజుకుంది, ఆగిపోయింది. తవిటినాయుడు గబగబా దిగి బానెట్ ఎత్తాడు. మేస్త్రి మాత్రం తీరిగ్గా వెనక్కి నడిచి పెట్రోలు ట్యాంకు మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. మళ్లీ తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

మూతకుండే సన్నటి గాలి రంధ్రం దుమ్మూ జిగురూ పట్టి పూడుకుపోయింది. నూనె డబ్బాకు ఒకటే చిల్లు పెడితే నూనె సరిగా దిగదు. ఈ ట్యాంకులో పెట్రోలుదీ అదే పరిస్థితి. బండి చాలాసేపు నడిచాక, లోపలికి గాలి రాక, ఘాట్ ఎక్కుడు దగ్గరకొచ్చేసరికి పెట్రోలు ఇంజనుకు అందడం మానేస్తోంది. పెట్రోలు పోద్దామని షెడ్డువాళ్లు మూత తీసిన ప్రతిసారీ గాలి లోపలికి పోతోంది, కారు బుద్ధిగా ఎక్కుతోంది. పాపం, వాళ్ల నిజాయితీయే వాళ్ల కళ్లు కప్పింది.

తవిటినాయుడు మూతను చేతిలో పట్టుకుని రోడ్డు వారగా నిలబడ్డాడు. అంత సిగ్గు అతను అంతకు ముందెన్నడూ పడలేదు. “లోవరాజుకి పూచీ కూడా ఇచ్చేశాను గురువుగారూ. ఇలా కొండ మధ్యలో ఆగిపోయి నా పరువు తీసేసింది” అన్నాడు.

పైడయ్య మేస్త్రి కారు వెనక తలుపు తీసి, లోపలికి చూడమన్నట్టు పక్కకు జరిగాడు.

“సీటు ఖాళీగా ఉంది గదా నాయుడూ,” అన్నాడు. “ఆగితే ఇప్పుడే ఆగాల.”