టేకాకు మీద నవ్వు

ఏనుగుబండ కింద ఒక మడుగు ఉండేది. వాగంతా ఎండిపోయినా ఆ మడుగులో నీళ్ళుండేవి. ఎప్పటి పెద్దలో కట్టిన మట్టికట్ట ఒకటి దానికి అడ్డంగా ఉండడమే కారణం. ఆ అడవిలో ఏ పెద్ద సంగతి తేల్చాలన్నా ఆ కట్ట పక్క బురదలో ఒక గీత గీసేవారు. ఒప్పుకున్నవాళ్ళు గీతకు కుడివైపు, ఒప్పుకోనివాళ్ళు ఎడమవైపు అడుగు వేసి పోవాలి. పొద్దు నడినెత్తికి వచ్చాక దున్న తాత వచ్చి అడుగులు లెక్కపెట్టేవాడు. ఎటువైపు ఎక్కువ పడితే అదే తీర్పు.

ఆ ఎండాకాలం నక్క ఒక మాట తెచ్చింది. "ఈ కట్ట తెంపేద్దాం. నీళ్ళు పల్లానికి పారితే, చెట్ల నీడలో ఇంతకంటే పెద్ద మడుగు తయారవుతుంది."

పొర్లడానికి కొత్త బురద దొరుకుతుందని అడవిపందులు వెంటనే తలలూపాయి. మడుగులోనే పుట్టి మడుగులోనే ముసలిదైన తాబేలవ్వ మాత్రం దున్న తాత దగ్గరికి పాక్కుంటూ వెళ్ళింది.

"పల్లంలో ఉన్నదంతా ఇసుక దున్నయ్యా! ఒక్క చుక్క నిలవదు. నీళ్ళు పోయాక గిలగిల్లాడే చేపలను ఏరుకు తిందామని నక్క ఎత్తు. కుర్రకారు వచ్చి ఎడమవైపు అడుగేస్తే తప్ప నాకు ఇల్లుండదు."

"వాళ్ళు వస్తేగా!" అన్నాడు దున్న తాత. "నేను సభ పెడితే ఒక్కడైనా ఇటు తొంగిచూస్తాడా?"

పై కొమ్మ మీద చిందు అనే కోతిపిల్ల కిసుక్కున నవ్వింది. "ఎందుకు చూస్తారు తాతా? కట్ట సంగతి చెప్పమంటే నువ్వు మీ తాతగారి పెళ్ళి దగ్గర మొదలెడతావు."

ఈ చిందుకు ఒక విద్య ఉంది. లేత టేకాకు మీద గోటితో గీస్తే గీత ఎర్రగా తేలుతుంది. అలా ఒక బొమ్మ గీసి, కింద ఒక ముక్క రాసి కాకుల ముక్కుకు అందిస్తే, సాయంత్రానికల్లా ఏ పొద దగ్గర చూసినా అదే ఆకు, అదే నవ్వు. ఇప్పుడు మీరు ఫోన్లలో పంపుకుంటూ మీమ్ అంటున్నారే, అలాంటిదే.

"ఆ గీసేదేదో కట్ట గురించి గీయవే తల్లీ," అని బతిమాలింది తాబేలవ్వ.

చిందు రెండు ఆకులు గీసింది. మొదటి దాంట్లో దున్న తాత ఉపన్యాసం ఇస్తుంటాడు. ఆయన ముగించేలోపు కొమ్ముల మధ్య పిచ్చుక గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు ఎగరడం కూడా నేర్పేస్తుంది. రెండో దాంట్లో ఎండిన మడుగు మధ్య నక్క విస్తరి వేసుకుని కూర్చుంటుంది. కింద, "ముందు నీళ్ళు తీయండి, తర్వాత వడ్డించండి!"

అడవి అడవంతా పగలబడి నవ్వింది. దున్న తాత ఆకును అటూ ఇటూ తిప్పి చూసి, "నా కొమ్ములు మరీ ఇంత వంకరా?" అని మాత్రం అన్నాడు.

నవ్వు ఆగాక ఒక కుందేలు కుర్రాడికి అనుమానం వచ్చింది. "అవునూ, ఇంతకీ ఈ కట్ట గొడవేంటి?" అని అడగడానికి మడుగు దగ్గరికొచ్చాడు. వాడి వెనక జింకలు, ఉడతలు, ముంగిసలు. తాబేలవ్వ వాళ్ళను పల్లానికి తీసుకెళ్ళి ఇసుక తవ్వి చూపించింది. "పున్నమి నాటి పొద్దున అడుగులేయాలి, మర్చిపోకండర్రా," అంది. "మర్చిపోతామా అవ్వా!" అన్నారు అందరూ.

నక్కకు కోపం రాలేదు. మర్నాడు టేకుచెట్టు కిందికి వచ్చి కూర్చుంది.

"అమ్మాయ్ చిందూ, అద్భుతంగా వేశావే. నా తోక ఇంకాస్త కుచ్చుగా వేయాల్సింది, అంతే."

"నీకు కోపం రాలేదా మావా?"

"నవ్వే వయసులో నవ్వాలి, కోపమెందుకు? నా బాధల్లా ఈ పిల్లల గురించే. ఇంత ఎండలో కాళ్ళు కాలుతూ కట్టదాకా రావాలి పాపం. ఎవరి గడప ముందు వాళ్ళు అడుగేస్తే కాకులు పైనుంచి లెక్కపెట్టుకోవూ? అదే ఒక ఆకు మీద గీసి పంపావంటే పుణ్యం నీదే."

"దున్న తాత ఒప్పుకున్నాడా?"

"ఆయన పిల్లలు అడుగేయాలనేగా ఏడుస్తున్నది! కాదంటాడా? కావాలంటే వెళ్ళి అడుగు, బండ వెనకే నెమరేస్తున్నాడు."

చిందు బండ వైపు చూసింది. అడిగితే మళ్ళీ తాతగారి పెళ్ళి. పైగా అప్పటికే బొమ్మ కళ్ళకు కట్టేసింది: బొరియలో ముసుగుతన్ని పడుకున్న కుందేలు, బయటికి చాచిన ఒంటికాలు, కింద "గడప ముందే అడుగు! కాలు నాది, కష్టం కాకిది!" గీస్తూ గీస్తూనే తనకు నవ్వు ఆగలేదు. ఆకు ఎగిరిపోయింది.

పున్నమి నాడు పొద్దు నడినెత్తికొచ్చింది. గీతకు కుడివైపు నక్కలు, పందులు తొక్కిన బురద. ఎడమవైపు దున్న తాత గిట్ట, తాబేలవ్వ పాదం, ఇంకొందరు ముసలివాళ్ళ అడుగులు.

"ఆగు తాతా!" అంటూ చిందు దూకింది. "కుర్రాళ్ళంతా ఇళ్ళ దగ్గరే వేశారు. కాకులు లెక్కపెట్టాయి!"

"మాకెవరు చెప్పారు?" అన్నాయి కాకులు. "ఆకులు మోయమన్నావు, మోశాం."

అంతలో కుందేలు కుర్రాడు ఒళ్ళు విరుచుకుంటూ వచ్చాడు. "గెలిచాంగా అవ్వా? నేనైతే రెండు కాళ్ళూ వేశాను!"

తాబేలవ్వ గీతకు ఎడమవైపున్న ఖాళీని చూపించింది.

"వాళ్ళను ఇప్పుడు వేయనివ్వు తాతా," అని చిందు ఏడ్చింది.

దున్న తాత తల అడ్డంగా ఊపాడు. "పొద్దు తిరిగాక అడుగు చెల్లదమ్మా. నా వాళ్ళ కోసం ఈ కట్టుబాటు నేనే తప్పితే, రేపు నక్క తన వాళ్ళ కోసం తప్పుతుంది. బండ వెనకే ఉన్నానే, ఒక్క మాట అడగలేకపోయావా?" తర్వాత తనలో తాను అన్నట్టు అన్నాడు. "అడగబుద్ధి పుట్టేలా నేనూ మాట్లాడలేదులే."

కట్ట తెగింది. నక్కలు విస్తళ్ళు లేకుండానే విందు చేసుకున్నాయి. పల్లంలో ఇసుక నీళ్ళన్నీ తాగేసి పొడిగా నవ్వింది. పందులకు బురదా దక్కలేదు.

తాబేలవ్వ ఏటి దారి పట్టింది. చిందు పక్కనే నడిచింది.

"తిట్టు అవ్వా."

"ఏమని తిట్టనే? ఆ ఆకు నా దగ్గరికీ వచ్చింది. కుందేలు కాలు చూసి నేనూ నవ్వాను. కింద రాసింది నిజమేనా అని నాకూ తోచలేదు." కాస్త దూరం పోయాక ఆగి రొప్పింది. "బొమ్మలు మానకు. నువ్వు గీయబట్టే కదా, పిల్లలు ఒక్కసారైనా నా మడుగు దగ్గరికొచ్చారు."

ఆ తర్వాత చిందు ఏ ఆకు గీసినా ముందు దున్న తాత దగ్గర కూర్చుని, తాతగారి పెళ్ళి నుంచి మొత్తం వినేది. ఆయన పెళ్ళి కథ ఏటేటా కాస్త చిన్నదవుతూ వచ్చింది. కుర్రకారు ఇప్పుడు పిలిచిన ప్రతిసారీ వస్తారు. ఎండి బీటలు వారిన ఆ ఒడ్డున పాత అడుగులు రాయిలా గట్టిపడి ఇంకా ఉన్నాయి. కుందేలు వచ్చినప్పుడల్లా ఎడమవైపు ఖాళీలో తన కాలు పెట్టి చూసుకుంటాడు. గట్టి నేల మీద ముద్ర పడదు.

నవ్వించేవాళ్ళకు ముందుగా నిజం అడిగే ఓపిక ఉండాలి, నవ్వినవాళ్ళకు ఆ తర్వాత లేచి వెళ్ళే కాళ్ళుండాలి.