తుఫాను నాటి బొట్టు పిలుపు

మైకులో చెప్పారని మీలో ఎంతమంది ఇల్లు వదిలి కదిలారు? నిజం చెప్పండి.

తుఫాను సహాయ దళానికి పాఠాలు చెప్పే సూరాంబగారిని శిష్యురాలు హైమ అడిగిందీ దాదాపు ఇదే. "హెచ్చరిక అందరికీ చేరింది. షెల్టరూ ఉంది. అయినా పోయిన తుఫానుకి జనం ఇళ్లలోనే ఎందుకు చచ్చిపోయారమ్మా?"

సూరాంబగారికి వాదించే అలవాటు లేదు. మళ్లీ హెచ్చరిక వచ్చిన మధ్యాహ్నం హైమను వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డున ఉన్న పాలేనికి వెళ్లారు.

మైకు ఆటో తిరిగి తిరిగి వెళ్లిపోయింది. గాలికి కొబ్బరి మట్టలు విరిగి పడుతున్నాయి. ఆడవాళ్లు మాత్రం అరుగుల మీద చేపలు కోసుకుంటున్నారు.

"ఇంకా కూర్చున్నారేంటి? బొట్టు పెట్టి పిలవాలా?" అని హైమ విసుక్కుంది.

గురమ్మ అనే ఆమె కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. "పెట్టు, వొస్తాం. ఆ మైకోడు ఊరికి సెప్పినాడు గానీ నాకు సెప్పినాడేటి?"

అందరూ నవ్వారు. సూరాంబగారు నవ్వలేదు. పక్కింట్లోంచి కుంకుమ భరిణె తెప్పించి హైమ చేతిలో పెట్టారు.

హైమ సిగ్గుపడుతూనే మొదలుపెట్టింది. "గురమ్మత్తా, షెల్టరుకి రావాలి. ఇంటిల్లిపాదీ రావాలి." నుదుట బొట్టు పడగానే గురమ్మ కత్తిపీట వాల్చి లేచింది. ఆ తర్వాత చూసింది హైమకు ఇప్పటికీ నమ్మశక్యం కాదు. ఆమె ఇంటింటికీ బొట్టు పెడుతూ పోతుంటే, పెళ్లికి తరలినట్టు గుమ్మం తర్వాత గుమ్మం కదిలింది. మంచంతో సహా ముసలివాళ్లు, చంకన చంటిపిల్లలు, పిల్లల చేతుల్లో కోళ్లు. ఏ అధికారి అరుపుకీ కదలని వీధి, వేలికొనకు అంటిన ఎరుపుకి కదిలింది.

షెల్టరులో మిగతా శిష్యులు అన్నం పొట్లాలు పంచుతున్నారు. వెలిగిపోతున్న ముఖంతో వచ్చిన హైమను సూరాంబగారు అడిగారు: "పోలమ్మ ఏది?"

వీధి చివరి ఇల్లు పోలమ్మది. ఆమె భర్త సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. వితంతువుకి బొట్టు పెట్టరు. అందుకే ఆమె బోసి నుదురు చూడగానే హైమ చెయ్యి ఆ గుమ్మాన్ని దాటేసింది. కనీసం ఆలోచించి దాటలేదు. అదీ అసలు ఘోరం. ఇరుగుపొరుగు వాళ్లకూ తోచలేదు.

హైమ, గురమ్మ పరుగెత్తారు. వీధిలో నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేశాయి. వాటి వెనక సముద్రం గోడలా లేచి ఉంది. పోలమ్మ తలుపు బార్లా తీసి, మూట ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"మూట కట్టుకుని మరి రాలేదేటే?" అంది గురమ్మ.

"పిలవనేదు గదా. అందరూ బొట్టు పెట్టించుకుని ఎల్తంటే నానెదురొస్తే ఏం బాగుంటాది?"

హైమ తడిసిన కుంకుమ తీసి ఆమె నుదుట పెట్టింది. తుడుచుకోబోయిన చేతిని గురమ్మ పట్టేసుకుంది. "ఉండనీయే." ఆ చెయ్యి వదలకుండానే షెల్టరు మెట్లెక్కించింది. తిరిగి చూస్తే చివరి ఇల్లు లేదు. అక్కడ సముద్రం నిలబడి ఉంది. మెట్ల మీది జనం చేతులు జోడించారు. సముద్రానికో, పోలమ్మకో తెలియదు.

హైమ తన ప్రశ్న మళ్లీ అడగలేదు. సూరాంబగారే శిష్యులందరి వైపూ చూసి అన్నారు:

"గాలి తగ్గాక మీ మీ వీధులకు వెళ్లండి. మన చెయ్యి ఏ గుమ్మాన్ని దాటేస్తోందో చూసుకుని, మొదటి పిలుపు అక్కడ పిలవండి."