గంగులు తండ్రి నోటుపుస్తకం

ఆశీర్వాదం అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. అడిగినవాడు వెంట నడవాలి. జవాబు దారిలో దొరికితే దొరికినట్టు, దొరక్కపోతే కనీసం ఆకలైనా వేస్తుంది. మా సంఘంలో చాలామంది ఈ కారణంగానే ప్రశ్నలు మానేశారు. తమ విశ్వాసం బలపడిందని వాళ్లు చెప్పుకుంటారు.

జెకర్యా మాత్రం మానలేదు. అతను వేదపాఠశాలలో రెండేళ్లు చదివి, అయ్యగారి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్ర బోధకుడు. వస్తూ రేకుపెట్టె నిండా పుస్తకాలు తెచ్చాడు. అన్నిటికీ అట్టలు వేసి నంబర్లు అంటించాడు. వాటిలో లేని సంగతి లోకంలో ఉండదని అతని నమ్మకం. ఊళ్లో ఏ ఇంట కూర బాగుంటుందో వాటిలో రాసిలేదు గానీ, అది వారం తిరక్కుండా సొంతంగానే కనుక్కున్నాడు.

ఆ ఏడు గోదావరి వరద తీశాక పడవ నడిపే గంగులు బాప్తిస్మం అడిగాడు. యాభై ఏళ్లవాడు, కూడబలుక్కుని చదవగలడు. జెకర్యా అతనికి ప్రశ్నోత్తరి నేర్పాడు. మూడు నెలల్లో గంగులు మా సంఘపెద్దల కంటే బాగా అప్పజెప్పసాగాడు. అందుకు పెద్దలు సంతోషించారు, కొంచెం ఆలస్యంగా.

అంతా సవ్యంగా సాగుతుండగా, జెకర్యా ఒకరోజు గంగులు ఇంటికి వెళ్లి చూరులో ఒక పాత నోటుపుస్తకం చూశాడు. అది గంగులు తండ్రి, కాలం చేసిన పోలయ్య రాసుకున్నది. మొదటి పేజీ నిండా గంగమ్మ తల్లికి దండాలు. జెకర్యా రెండో పేజీ తిప్పలేదు.

"ఇది ఇంట్లో ఉంటే నీకు బాప్తిస్మం ఉండదు గంగులూ. శనివారం సంఘం ఎదుట కాల్చేద్దాం" అని సంచిలో వేసుకున్నాడు.

గంగులు కాదనలేదు. "మా నాన్న చేతిరాత అదొక్కటే మిగిలిందండి బ్రదరుగారూ" అని మాత్రం అన్నాడు.

ఆ మాట జెకర్యాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదట. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు గనక ఊరందరికీ తెలుసు. శుక్రవారం మధ్యాహ్నం అయ్యగారి దగ్గరికి వచ్చి అడిగాడు.

"అయ్యగారూ, దేవుణ్ణి ఎరగనివాడు రాసిన పుస్తకం విశ్వాసి ఇంట్లో ఉండవచ్చా? బైబిల్లో ఎఫెసువారు తమ మంత్రాల పుస్తకాలు కాల్చేశారు కదండీ."

అయ్యగారు చెప్పులు వెతుక్కున్నారు. "లంకలో ఇళ్లు చూడాలి. పద, గంగులుని పడవ తియ్యమను."

ప్రభు భోజనానికి ముందు వారం అయ్యగారు ఇంటింటికీ వెళ్లి, ఎవరితో ఎవరికి మాటల్లేవో కనుక్కుని కలిపి వస్తారు. అది మా సంఘం ఆచారం. గోదావరి అవతల లంకలో మన ఇళ్లు నాలుగే గానీ, పని మాత్రం నలభై ఇళ్లకు సరిపడా ఉంటుంది. పడవలో మా సంఘం మరియమ్మ కూడా ఎక్కింది. లంకలో ఉన్న కూతురికి గోంగూర పచ్చడి జాడీ పట్టుకెళుతోంది. కూతురికి గోంగూర పడదు. అయినా పట్టుకెళుతుంది.

"ఒరేయ్ గంగులూ, నీకు కొత్త పేరు పెడతారంటగా?"

"యోనా అంటున్నారండి బ్రదరుగారు."

మరియమ్మ జాడీని ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. "పడవవాడికి యోనా పేరా! ఇంక నీ పడవ ఎవడెక్కుతాడ్రా?"

"అది ప్రవక్త పేరమ్మా" అన్నాడు జెకర్యా.

"ప్రవక్తే నాయనా, కాదన్నానా? ఆయన ఎక్కిన ఓడకి తుపాను వస్తే సముద్రంలోకి విసిరేశారు కూడాను."

అయ్యగారికి అప్పుడే దగ్గు వచ్చింది.

నది నడిమి పాయ దాటుతుండగా పడవ అడుగు బరబరమని గీసుకుని ఆగిపోయింది. గంగులు గెడ పాతి ఒళ్లంతా వేసి నెట్టాడు. కదల్లేదు. అటు దిగి చూశాడు, ఇటు దిగి చూశాడు. ఎటు చూసినా మోకాలి లోతే.

"ఇసుక మేట అండి. పైగా ఆటు మొదలైంది. నీళ్లు సముద్రంలోకి తీసేస్తున్నాయి. ఇప్పుడు కదలకపోతే మళ్లీ పోటు వచ్చేదాకా ఇక్కడే."

"లోతు ఎటుందో నీకు తెలీదా?" అన్నాడు జెకర్యా.

"వరద వచ్చినప్పుడల్లా మేట చోటు మారుతుందండి. నీళ్లు మన రేవులో ఎన్నో మెట్టు దాకా ఎక్కితే మేట ఎక్కడ పడుతుందో మా నాన్న ఏటేటా రాసుకున్నాడు. అది చూసుకున్నాకే లంకకి బయల్దేరతాను. ఈ వరద తీశాక ఇటు రావడం ఇదే మొదలండి."

"మరి ఈసారి చూసుకోలేదేం?" అన్నారు అయ్యగారు.

గంగులు నీళ్లకేసి చూశాడు. బ్రదరుగారి పేరెత్తడం మర్యాద కాదనుకున్నాడు. మరియమ్మకు అలాంటి ఇబ్బందులేవీ లేవు.

"ఎలా చూస్తాడండీ? పుస్తకం ఇదిగో ఈ నాయన సంచిలో ఉంది!"

జెకర్యా చెవులు ఎర్రబడ్డాయి. సంచి విప్పి నోటుపుస్తకం తీశాడు. గంగులు చేతులు తడిగా ఉన్నాయి, ముట్టుకోలేదు.

"నువ్వే చదువు" అన్నారు అయ్యగారు.

జెకర్యా మొదటి పేజీని రెండు వేళ్లతో తిప్పేసి లోపల వెతికాడు. "ఈసారి ఎన్నో మెట్టు?"

"ఐదో మెట్టండి."

అతను వేదపాఠశాల గొంతుతో మొదలుపెట్టాడు. "నీరు ఐదో మెట్టు తాకిన ఏడు మేట తూర్పున పడును. లంక కనబడుతోంది గదాని సూటిగా పోరాదు. వెనక్కి వచ్చి, పడమటి గట్టు పట్టుకుని తాటితోపు దాటాక తిప్పవలెను. చెప్పినా వినక రామన్న సూటిగా పోయి మేటకు తగిలి బోల్తాపడినాడు. పడవ దొరికింది, రామన్న దొరకలేదు. వాడి పెళ్లాం మొహం చూడలేక ఆ వీధిన పోవడం మానుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను."

చివరికి వచ్చేసరికి ఆ గొంతు వేదపాఠశాలది కాదు.

అతను పుస్తకాన్ని అయ్యగారి చేతికిచ్చి, పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. గంగులు ఒక పక్క, అతను ఒక పక్క పట్టి పడవను వెనక్కి నెట్టారు. మరియమ్మ జాడీతో సహా పడవలోనే కూర్చుని ఇద్దరికీ ధైర్యం చెప్పింది. కాసేపటికి పడవ తేలింది. పడమటి గట్టు వెంట తాటితోపు దాటాక గెడకు అడుగు అందలేదు. అంత లోతు.

తడిసిన పంచె పిండుకుంటూ జెకర్యా మెల్లగా అడిగాడు. "దేవుణ్ణి ఎరగని మనిషికి ఇంత నిజం ఎవరు చెప్పారండీ?"

"ఆ ఇసుక ఎవరిది జెకర్యా?" అన్నారు అయ్యగారు.

దానికి జవాబు రేకుపెట్టెలోని సగం పుస్తకాల్లో ఉంది. జెకర్యాకు ఒక్క నంబరూ గుర్తు రాలేదు.

గంగులు గెడ ఆపాడు. "అయ్యగారండీ, మరి నా బాప్తిస్మం?"

"ఆదివారం పెందలాడే రా. మీ ఇంటిదాన్ని కూడా తీసుకురా."

గంగులు మొహం పక్కకు తిప్పుకుని గెడ వేశాడు. గోదావరి గాలికి కళ్లలో నీళ్లు రావడం మామూలే గనక ఎవరూ పట్టించుకోలేదు.

జెకర్యాకు ఇంకా ఒకటి మిగిలింది. "పుస్తకం సరే అయ్యగారూ. ఆ మొదటి పేజీ? గంగమ్మకు దండాలు? అదైనా చింపేయాలి కదండీ?"

గంగులు గెడ మళ్లీ ఆగింది.

అయ్యగారు కళ్లజోడు సరిచేసుకుని ఆ పేజీ మొత్తం చదివారు. తొందరపడలేదు.

"పాపం పోలయ్య. ప్రాణాలతో గట్టెక్కిన ప్రతిసారీ ఎవరికో దండం పెట్టాలనుకున్నాడు. ఎవరికి పెట్టాలో చెప్పేవాళ్లు రాలేదు." పేజీ అడుగున వేలు పెట్టారు. "ఇక్కడ నాలుగు వరుసల చోటుంది. ఆ దండం ఎవరికో కొడుకు రాస్తాడు. నీ పెన్ను గంగులుకి ఇవ్వు."