ఆరు సొరుగుల బల్ల

వన్నూరప్పకు చేతులు దురద పెట్టేవి. తామర కాదు, గజ్జి కాదు. పని లేని దురద.

జిలాన్ స్వామి దగ్గరికి రాకముందు అతను తాబూతుల పనివాడు. పీర్ల పండుగకు వెదురుబద్దలతో గోపురంలా కట్టి ఊరేగిస్తారే, ఆ తాబూతులకు రంగు కాగితాల పువ్వులూ తీగలూ కత్తిరించి అతికించేవాడు. అతని మల్లెపూల వరుసను చూసి ఒకామె ముక్కు దగ్గర పెట్టి వాసన చూడబోయిందని నాలుగు ఊళ్ళలో చెప్పుకునేవారు.

స్వామి దగ్గరికి వచ్చేటప్పుడు కత్తెర ఇంట్లోనే వదిలేశాడు. వదలమని స్వామి చెప్పలేదు. శిష్యుడన్నాక ఏదో ఒకటి వదలాలి గదా అని తనే వదిలాడు.

ఆ తర్వాత అయిదేళ్ళు వాకిలి ఊడ్చాడు, నీళ్ళు తెచ్చాడు, జొన్నరొట్టెలు కాల్చాడు. వచ్చేవాళ్ళు స్వామికి దండం పెట్టి, రొట్టె తిని పోయేవాళ్ళు. కాల్చినవాడి పేరు ఎవరూ అడగలేదు.

ఒకరోజు స్వామి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వన్నూరప్ప పక్కన చేరాడు.

"సామీ, కత్తెర వదిలి అయిదేండ్లాయ. అది నన్ను వదల్లేదు. చేతులు దురద పెడతాండాయి. ఏం చేసేది?"

"దురద పెడితే గోక్కోవాలప్పా," అన్నాడు స్వామి.

"నవ్వులాట కాదు సామీ. దేన్ని గోక్కొనేది?"

స్వామి గడ్డం ఎత్తి లోపలి గదిలో ఉన్న బల్లను చూపించాడు. మళ్ళీ చిక్కుడుకాయల్లో పడ్డాడు.

ఆ బల్లకు ఆరు సొరుగులు. రెండేసి చొప్పున మూడు వరుసలు. ఎక్కడో పాత బంగళా పడగొట్టినప్పుడు ఎవరో బండిలో తెచ్చి అక్కడ దింపి పోయారు. రంగు పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. నాలుగు సొరుగులకు ఇత్తడి పిడులుంటే, రెండింటికి తాడు ముక్కలు కట్టి ఉండేవి.

స్వామి సొంత వస్తువు ఒక్కటీ అందులో లేదు. అవి ఊరివాళ్ళ సొరుగులు. ఇంట్లో పెట్టుకోలేనివి తెచ్చి అందులో పెట్టుకునేవాళ్ళు. ఒకరి పొలం పాసుపుస్తకం, ఒకరి బిడ్డ పుట్టిన కాగితం, ఒకరి తాళంచెవుల గుత్తి. తాళం లేదు, రాసిపెట్టుకోవడం లేదు. ఎవరిది ఏ సొరుగో వాళ్ళకు తెలుసు. వచ్చేవాళ్ళు, లాగేవాళ్ళు, తీసుకునేవాళ్ళు, మోకాలితో నెట్టి మూసి పోయేవాళ్ళు.

ఆ బల్లను చూసినప్పుడల్లా వన్నూరప్పకు సిగ్గుగా ఉండేది. ఇంత పెద్ద స్వామి గదిలో ఇంత దరిద్రపు బల్లా అని.

మర్నాడు స్వామి పక్క జిల్లాలో ఉరుసుకు బయలుదేరాడు. పన్నెండు రోజులు రాడు. బస్సు కనుమరుగవగానే వన్నూరప్ప ఇంటికి పోయి కత్తెర తెచ్చుకున్నాడు.

మొదటి రెండు రోజులు గరుకు కాగితంతో రుద్దాడు. పాత రంగుల దుమ్ముతో అతని మీసం ఒక పక్క పచ్చగా, ఒక పక్క ఎర్రగా అయింది. తర్వాత బల్లంతా లేత నీలం వేశాడు, తెల్లవారేటప్పుడు తూర్పున ఉండే నీలం. అది ఆరేలోపు ఊళ్ళో తిరిగి కాగితాలు పోగుచేశాడు. పాత క్యాలెండర్లు, పెళ్ళి శుభలేఖలు, చీరల అట్టపెట్టెల మీది బొమ్మలు, ఊదుబత్తి ప్యాకెట్లు. మైదాలో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసి జిగురు ఉడికించాడు.

బల్ల ముందు వైపు నిండా ఒకటే నెమలి రావాలని అతని కోరిక. ఆరు సొరుగుల మీద ఆరు బొమ్మలు కాదు. ఒకటే నెమలి.

దానికి సొరుగుల మధ్య సందులు అడ్డం వచ్చాయి. కాగితం సందు దగ్గరికి రాగానే ముడత పడుతోంది. పిడులు నెమలి ఒంట్లో మేకులు దిగినట్టున్నాయి. అందుకని పిడులు ఊడదీశాడు, తాళ్ళు కోసేశాడు. చిల్లులకూ సందులకూ లప్పం పెట్టి రుద్దాడు. అప్పుడు బల్ల ముఖం అంతా ఒకటే పలకలా అయింది. చెయ్యి పెడితే ఎక్కడా తట్టుకోలేదు.

తాబూతును చూస్తారు, మోస్తారు. దానిలోపల చెయ్యి పెట్టి వెతికేవాళ్ళు ఎవరూ ఉండరు.

తోక కన్నులకు శుభలేఖల బంగారు అంచులు కత్తిరించాడు. రెక్కలకు చీరల పెట్టెలు. మెడ మాత్రం ఒకటే కాగితం. క్యాలెండరులోని సముద్రం నుంచి తీసింది. పైన ముదురు, కిందికి పోయేకొద్దీ లేత. అది చినగకుండా, వంపు చెడకుండా కత్తిరించడానికి ఒక పగలంతా పట్టింది. ఆ రోజు రొట్టెలు చెయ్యలేదు.

అంతా అతికించాక పూటకొక పూత చొప్పున వార్నీషు వేశాడు. వేసినదల్లా ఆరాక రుద్దాడు. ఏడో పూతకు కాగితం ఏదో కొయ్య ఏదో కళ్ళు మూసుకుని వేలితో తడిమినా తెలియలేదు.

ఈ మధ్యలో సొరుగుల కోసం వచ్చినవాళ్ళను అతను వాకిట్లోనే ఆపేవాడు. "తడి ఆరలేదు. సామి వచ్చినాక రాండి," అనేవాడు. తొమ్మిదో రోజు సుంకమ్మ వచ్చింది. గుడ్డల దుకాణంలో ఊడ్చే మనిషి. ఆమెకూ అదే చెప్పాడు. ఆమె గడపలోంచే తొంగిచూసి, "అబ్బ, ఎంత బాగుందన్నా," అని వెళ్ళిపోయింది.

సొరుగులు తెరవాలన్న సంగతి అతనికి తెలియక కాదు. సందుల వెంట కత్తి దింపితే అయిపోయే పని. పదకొండో రోజు కాగితాలు కోసే సన్నకత్తి తీసుకుని నెమలి ముందు కూర్చున్నాడు కూడా. కత్తి మొన మెడ దగ్గర పెట్టాడు. సముద్రం రంగు కాగితం. చాలాసేపు కూర్చున్నాడు.

సామి ఒకసారి నిండుగా చూడనీ, తర్వాత కోద్దాం, అనుకుని లేచాడు.

పన్నెండో రోజు పొద్దున మొదటి బస్సుకే స్వామి దిగాడు. వెంట ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న ఉశేనప్ప కూడా లోపలికి వచ్చాడు. ఇద్దరూ బల్ల ముందు నిలబడ్డారు.

స్వామి చాలాసేపు చూశాడు. ముందుకు వంగి చూశాడు, వెనక్కి జరిగి చూశాడు.

"బాగా చేసినావప్పా," అన్నాడు.

అయిదేళ్ళలో వన్నూరప్ప ఆ మాట వినడం మొదటిసారి.

"సామీ, మీ బల్ల మీకన్నా పడుచుదైపాయ," అన్నాడు ఉశేనప్ప.

"మిగిలింటే నాకూ రెండు పూతలు వెయ్యమను."

"మీకు ముందు లప్పం పెట్టాల సామీ. పూతలతో అయ్యే పని కాదు."

ముగ్గురూ నవ్వుతుండగా సుంకమ్మ వచ్చింది. ఉతికి మడత పెట్టిన చీర కట్టుకుంది. తలకు నూనె రాసి బిగించి దువ్వింది. పరుగెత్తడానికి అడ్డమని చెప్పులు చేతిలో పట్టుకుంది.

"సామీ, దండాలు. నా కాయితం ఇయ్యాల కావాల. పదో తరగతి సర్టిఫికెట్టు. అనంతపురంలో ఆడపిల్లల హాస్టల్లో ఆయా పనికి పిలిచినారు. అసలు కాయితం తెస్తేనే లోపలికి రానిస్తారంట. పదింటికి ఆడుండాల. ఎనిమిదిన్నర బస్సు తప్పితే మళ్ళా పదకొండుకే."

ఆ కాగితం ఆ ఇంట్లో ఎందుకుందో అందరికీ తెలుసు. ఆమె మొగుడు తాగినప్పుడు చేతికి దొరికింది చింపుతాడు. పెళ్ళి ఫొటో చింపాడు, రేషను కార్డు చింపాడు. సర్టిఫికెట్టు మిగలడానికి కారణం ఆ బల్లే.

"ఏ సొరుగమ్మా?" అన్నాడు స్వామి.

"నడిమి వరుసలో కుడి పక్కది."

అందరూ అటు చూశారు. అక్కడ నెమలి మెడ ఉంది.

సుంకమ్మ దగ్గరికి పోయి అరచేత్తో తడిమింది. పైకి తడిమింది, కిందికి తడిమింది.

"పిడి యాడుందన్నా?"

"తీసేసినా," అన్నాడు వన్నూరప్ప.

"మరి లాగేదెట్ల?"

వన్నూరప్ప బల్ల పక్కకు పోయాడు. "ఉశేనప్పా, ఒక చెయ్యి పట్టు," అని బల్లను గోడ నుంచి జరిపాడు. వెనకనుంచి పలక ఊడదీస్తే ముందు వైపు ఏమీ కాకుండా కాగితం తియ్యొచ్చు. వెనక టేకు పలక. పాతకాలం మేకులు, తలలు తుప్పుతో కొయ్యలోకి దిగిపోయి ఉన్నాయి. అట్లకాడ దూర్చాడు. అట్లకాడ వంగింది. రొట్టెల పెనం పట్టుకునే పటకారు తెచ్చాడు. అదీ జారింది.

"గడ్డపార ఉందా?" అన్నాడు.

"కొట్లో గరిటెలుండాయి," అన్నాడు ఉశేనప్ప. ఈసారి ఎవరూ నవ్వలేదు.

స్వామి కిటికీ దగ్గరికి పోయాడు. అక్కడున్న సన్నకత్తి తీసి బల్ల మీద పెట్టాడు. కండువా భుజాన వేసుకున్నాడు.

"నేను పోయి బస్సుకు అడ్డం నిలబడతా," అన్నాడు. "ముసలోన్ని గదా, తొక్కరు. ఎంతసేపు ఆపాల్నో నువ్వు చెప్పు వన్నూరా."

వన్నూరప్ప వంగిన అట్లకాడను మోకాలి మీద పెట్టి సరిచేస్తున్నాడు. స్వామి ఒక క్షణం చూసి, ఉశేనప్పను తీసుకుని రోడ్డు మీదికి పోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. దూరంగా ఎత్తు మీద బస్సు గేరు మార్చిన చప్పుడు వినబడింది.

సుంకమ్మ బల్ల ముందు వైపుకు వచ్చి నెమలిని చూసింది. చూస్తూ చూస్తూ ఆమె ముఖం మెత్తబడింది.

"వద్దులే అన్నా," అంది.

"ఏమి?"

"ఇంత అందంగా చేసింటివి. నా ముక్క కాయితం కోసరం దాని గొంతు కోసేదా. ఈసారి గాకపోతే ఇంకోసారి పిలుస్తారులే."

ఇంకోసారి పిలవరని ఇద్దరికీ తెలుసు. ఆమె చెప్పులు కింద పెట్టి నిదానంగా కాళ్ళకు వేసుకోబోయింది. ఇక పరుగెత్తే పని లేదు గదా.

బయట బస్సు ఆగింది. హారను మోగింది. ఎవరో తిట్టారు. స్వామి గొంతు ఏదో అంది. మళ్ళీ హారను.

వన్నూరప్ప కత్తి తీసుకున్నాడు. సొరుగు పై అంచు ఎక్కడుందో అతని వేళ్ళకు తెలుసు. వేళ్ళే కదా పూడ్చింది. మెడకు అడ్డంగా కత్తి దింపి లాగాడు. ఏడు పూతల వార్నీషు పగులుతూ చప్పుడు చేసింది. తర్వాత నిలువుగా, తోక మొదటి కన్నుల మీదుగా. తర్వాత కింద, తర్వాత కుడి పక్క. లప్పం పొడి రాలింది. పిడి లేదు కాబట్టి కత్తిని సందులో దూర్చి, బల్లకు కాలు తన్నిపెట్టి లాగాడు. మెడ కాగితం రెండు చోట్ల చినిగింది. సొరుగు ఒక వేలంత ముందుకు వచ్చింది. వేళ్ళు దూర్చి గుంజాడు.

లోపల ప్లాస్టిక్ కవరులో కాగితం భద్రంగా ఉంది. సుంకమ్మ దాన్ని రొమ్ముకు అదుముకుని పరుగెత్తింది. నెమలి వైపు మళ్ళీ చూడలేదు. చెప్పులు అక్కడే మర్చిపోయింది. ఆమె చెమట పట్టిన మడమకు ఒక నీలం ముక్క అంటుకుని గడప దాటి పోయింది.

"ఓ సుంకమ్మా, చెప్పులు!" అని కేకవేశాడు వన్నూరప్ప. చెప్పులు పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తి, కదిలిపోతున్న బస్సు కిటికీలోకి విసిరాడు. లోపల ఎవరికో తగిలినట్టుంది. మళ్ళీ తిట్లు వినబడ్డాయి.

స్వామి, వన్నూరప్ప వెనక్కి వచ్చారు. ఉశేనప్ప కొట్టుకు పోయాడు.

సొరుగు తెరుచుకునే ఉంది. మెడ తెగిన నెమలి అటూ ఇటూ వేలాడుతున్న కాగితాలతో నిలబడి ఉంది. వన్నూరప్ప నేల మీద కూర్చుని రాలిన ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి ఆపేశాడు.

"చెడిపాయ సామీ. రేపు మొత్తం గీకేస్తా."

స్వామి బల్ల దగ్గరికి వచ్చాడు. సొరుగును లోపలికి తోశాడు. అంచులో గోరు పెట్టి బయటికి లాగాడు. మళ్ళీ తోశాడు, మళ్ళీ లాగాడు. పాతరోజుల్లాగే కీచుమంది.

"చెడిందా?" అన్నాడు. "నాకు అట్ల కనపడలేదే."

వన్నూరప్ప తల ఎత్తాడు.

స్వామి కింద పడిన కత్తి తీసి, పిడి శిష్యుడి వైపు ఉండేలా తిప్పి పట్టుకున్నాడు.

"ఇంకా అయిదుండాయప్పా."