రాజుగారి దవడపన్ను, రద్దయిన నెల

ఒకానొక రాజ్యంలో, ఈ చివర తుమ్మితే ఆ చివరి నుంచి "చిరంజీవ" అన్న మాట వినబడడానికి మూడు రోజులు పట్టేంత పెద్ద రాజ్యంలో, భుజబలరాయుడనే రాజుగారుండేవారు. ఆయన మీసాల మీద అటు రెండు చిలకలు, ఇటు రెండు చిలకలు హాయిగా వాలేవి. గర్వం మాత్రం మీసాలకన్నా పొడుగు.

ఆయన మామిడితోటను గున్నమ్మ చూసుకునేది. నోట్లో ఒక్క పన్ను లేదు గానీ మాటలకు కొదవ లేదు. మూడు వందల చెట్లనీ కడుపున పుట్టిన పిల్లల్లా సాకింది. వానాకాలంలో జలుబు చేస్తుందని చెట్టుకో గొంగళి కప్పేదంటే నమ్మండి!

రాజుగారికి అధికమాసం ఎప్పుడొస్తుందో గుర్తుండేది కాదు. అందుకు ఆస్థాన సిద్ధాంతి ఒక చిట్కా చెప్పాడు.

"ప్రభూ, నెలకో పన్ను చొప్పున నాలుకతో తడుముకోండి. పైన పదహారు, కింద పదహారు. ముప్పైరెండూ అయ్యాయంటే ఇంచుమించుగా అధికమాసం వచ్చినట్టే!"

చిట్కా బాగా పనిచేసింది. ఊరంతా పళ్ళు తడుముకోవడమే. పన్నే లేని గున్నమ్మ లెక్క కూడా ఒక్కసారీ తప్పేది కాదు. కానీ ఒకనాడు పొరుగురాజు రాయబారి ఎదుట రాజుగారు మీసం తిప్పి, "వచ్చే నెల అధికమాసం!" అన్నారు. నెల ముందుగా అనేశారు! రాయబారి కిసుక్కున నవ్వాడు. రాజుగారి మొహం కందగడ్డయిపోయింది.

"నా లెక్కకు అందని నెల నా రాజ్యంలో ఉండడానికి వీల్లేదు. అధికమాసం రద్దు!"

ఆనాటి నుంచి ఆయన పెదవి విప్పి నవ్వలేదు.

లెక్క ఎందుకు తప్పిందో గున్నమ్మకు తెలుసు. అంతకు కొద్దినాళ్ళ ముందు రాజుగారు గట్టి నువ్వుండ కొరికి దవడపన్ను ఊడగొట్టుకున్నారు. ఊడిన పన్నును ఇంటికప్పు మీదికి విసరాలి కదా! కోటమీదికి విసిరితే కాపలావాళ్ళు చూస్తారని, తెల్లవారకముందే తోటకొచ్చి, మామిడిచెట్టు మొదట్లో పాతిపెట్టారు. చెట్టు చాటున గున్నమ్మ ఉంది. ఆయన వెళ్ళాక తవ్వి చూసి, నవ్వాపుకోలేక అరపూట నేలమీద దొర్లింది.

నెల తీసేస్తే రుతువులు ఊరుకుంటాయా? ఏటేటా ఉగాది పదకొండేసి రోజులు ముందే వచ్చి వచ్చి, తొమ్మిదేళ్ళకు గజగజలాడే చలిలో వచ్చి కూర్చుంది. మామిడికాయ లేదు, వేపపువ్వు లేదు. వంటవాళ్ళు ఊరగాయ ముక్కలు కడిగి పచ్చడిలో వేశారు. రాజుగారు నోట్లో పెట్టుకోగానే తుపుక్కున ఉమ్మారు.

"ఉగాది పచ్చడిలో ఆవపిండా!"

"చెట్లు కాయలేదు మహాప్రభూ," అన్నాడు వంటవాడు.

"నా ఉగాదికి కాయని చెట్టు రాజద్రోహి! మధ్యాహ్నంలోగా పచ్చి మామిడికాయ రావాలి. రాకపోతే తోట మొత్తం నరికించేస్తాను!"

నూరు గొడ్డళ్ళు తోట ముందు బారులు తీరాయి. వాటిని చూడగానే గున్నమ్మ రొంటిన దోపిన వక్కల సంచి తడుముకుని సభకు పరుగెత్తింది. దారిలో రెండు గుర్రాల్ని దాటేసిందట!

"ఏమే ముసలిదానా, కాయ తెచ్చావా?"

"చెట్టు ఇచ్చింది తెచ్చాను బాబూ. తమరు నాటిందే."

"నేను నాటడమేమిటి? ఈ చేతులు మట్టి ఎరగవు!"

"తొమ్మిదేళ్ళ కిందట, ఈశాన్యమూల చెట్టు మొదట్లో, ఈ చేతులతోనే. సభలో విప్పమంటారా, తమరే చూస్తారా?"

రాజుగారు సింహాసనం దిగొచ్చి సంచి లాక్కున్నారు. లోపల పట్టుగుడ్డ. గుడ్డలో పన్ను! మీసాల మీది చిలకలు నాలుగూ ఎగిరిపోయాయి.

"ఎవరికైనా చెప్పావా?" అన్నారు గుసగుసగా.

"అడ్డుకోడానికి పళ్ళు లేని నోరు బాబూ ఇది. అయినా తొమ్మిదేళ్ళు మాట జారనివ్వలేదు. కానీ నా చెట్లనే నరికిస్తానంటే ఎలా?"

రాజుగారు పన్నును గుప్పిట్లో దాచుకుని, మెల్లగా అడిగారు. "నీకు ఒక్క పన్నూ లేదు కదా, నీ లెక్క ఎందుకు తప్పలేదే?"

"పన్ను పోతే పోయింది, చోటెక్కడికి పోతుంది? ఆ సందు దగ్గర కూడా ఒక నెల ఆగాలి బాబూ. తమరు దాటేశారు, అంతే!"

రాజుగారు ఆ సందును నాలుకతో తడిమి చూసుకున్నారు. ముందు మీసాలు కదిలాయి. తర్వాత బొజ్జ కదిలింది. తొమ్మిదేళ్ళ నవ్వు ఒక్కసారిగా పగిలి, నోరు బార్లా తెరుచుకుంది. సభంతా ఆ సందును చూసింది. సిద్ధాంతి ఉండబట్టలేక పైకే లెక్కపెట్టేశాడు.

"...ముప్పై, ముప్పైఒకటి! ఓహో, అదా సంగతి!"

ఆ నవ్వులకు కోట పెంకులు మూడు వేలు జారిపడ్డాయి.

గొడ్డళ్ళు వెనక్కి మళ్ళాయి. రద్దయిన అధికమాసాలు మూడూ వరసగా తిరిగొచ్చాయి. ఉగాది మళ్ళీ వేపపువ్వు వేళకు వచ్చింది. తోట మొత్తం గున్నమ్మ పేర రాసిచ్చి, రాజుగారు తన పన్నును, ఈసారి అందరూ చూస్తుండగా, ఆ చెట్టు కిందే పాతారు.

ఆ చెట్టు కాయ ఎంత పులుపో తెలుసా? మనం దాన్ని కొరికేలోపే అది మనల్ని కొరికేదట!